స్పాన్సర్‌షిప్ మీద అమెరికాలో ఫాస్ట్‌ఫుడ్ కుక్ ఉద్యోగం: గంటకు ఎంత రావాలో లెక్క తేల్చుకోవడం ఎలా

అమెరికాలో స్పాన్సర్‌షిప్ మీద, అంటే యజమానే వీసా కాగితాలు వేస్తే, ఫాస్ట్‌ఫుడ్ కుక్‌గా చేరేవాళ్లకు గంటకు ఎంత ఇవ్వాలన్నది ఒక్క చట్టంతో తేలదు. కేంద్ర చట్టం ఒక రేటు పెడుతుంది. రాష్ట్రం ఇంకోటి పెడుతుంది. కొన్ని నగరాలు అంతకంటే ఎక్కువ పెడతాయి. ఇవి కాక, వీసా కోసం వేసిన కాగితాల్లో యజమాని సంతకం పెట్టి ఒప్పుకున్న రేటు ఒకటుంటుంది. వీటన్నిటిలో ఏది పెద్దదో అది మీకు రావాలి. చాలామంది నష్టపోయేది ఇక్కడే. "కనీస వేతనం ఇస్తున్నాం కదా" అని యజమాని అంటే సరేనని ఊరుకుంటారు. ఆయన చెప్పేది కేంద్ర కనీస వేతనం కావచ్చు, మీ కాగితాల్లో దానికి రెట్టింపు రాసి ఉండవచ్చు.

ఇక్కడ ఇచ్చిన రేట్లు 2025, 2026 సంవత్సరాలవి. ఏటా మారతాయి కాబట్టి అంకెలకన్నా లెక్క కట్టే పద్ధతి మీద దృష్టి పెట్టండి.

ముందు మీది ఏ దారో తేల్చుకోండి

వంటపనికి హెచ్-1బి రాదు. అది డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకు ఇచ్చే వీసా. ఫాస్ట్‌ఫుడ్‌లో హెచ్-1బి ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ ఏదైనా ఉంటే అక్కడితో మాట ఆపేయండి. కుక్‌లకు ఉన్నవి ప్రధానంగా రెండు దారులు.

మొదటిది ఈబీ-3లో 'అదర్ వర్కర్స్' విభాగం. రెండేళ్లలోపు శిక్షణ లేదా అనుభవం సరిపోయే శాశ్వత ఉద్యోగాలకు ఇచ్చే గ్రీన్‌కార్డ్ ఇది. యజమాని ముందు కార్మికశాఖ నుంచి లేబర్ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. దీన్నే అందరూ పెర్మ్ అంటారు. తర్వాత ఇమిగ్రేషన్ శాఖలో ఐ-140 అనే దరఖాస్తు వేయాలి. ఆ తర్వాతే అసలు నిరీక్షణ మొదలవుతుంది. భారత్‌లో పుట్టినవాళ్లకు ఈబీ-3 కటాఫ్ తేదీ 2025లో 2012 చివరికీ 2013 సెప్టెంబర్‌కీ నడుమ తిరిగింది. అంటే పన్నెండేళ్ల కిందట పెర్మ్ వేసినవాళ్లకు అప్పుడు పిలుపు వచ్చింది. "రెండేళ్లలో గ్రీన్‌కార్డ్" అనే మాట భారత్‌లో పుట్టినవాళ్లకు వర్తించదు. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆ దేశపు క్యూ వాడుకునే వీలుంది. ఈ సంగతి లాయరుకు మొదటి రోజే చెప్పాలి.

రెండోది హెచ్-2బి. పర్యాటకుల సీజన్‌లోనో, రద్దీ పెరిగే నెలల్లోనో తాత్కాలికంగా మనుషులు కావాల్సిన యజమానులకు ఇచ్చే వీసా ఇది. ఏడాదికి చట్టం పెట్టిన పరిమితి 66,000. ఆరు నెలలకు 33,000 చొప్పున రెండు భాగాలు చేస్తారు. ఏడాది పొడవునా ఒకేలా నడిచే స్టోర్‌కు ఇది దొరకదు. వేసవి సెలవుల్లో విద్యార్థులు వెళ్లే జే-1 కార్యక్రమం కింద కూడా ఫాస్ట్‌ఫుడ్ పనులుంటాయి. వాళ్లకు కూడా కేంద్ర, రాష్ట్ర, నగర కనీస వేతనాల్లో పెద్దదీ, అదే పని చేసే అమెరికన్లకిచ్చే జీతమూ రెండూ చూసి ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి.

దారి ముందు తేల్చుకోమనడానికి కారణం ఉంది. హెచ్-2బిలో కాగితాల మీది రేటు మీరు పనిలో చేరిన మొదటి గంట నుంచే అమలవుతుంది. దాన్ని కార్మికశాఖ నేరుగా వసూలు చేసి ఇప్పించగలదు. ఈబీ-3లో కాగితాల మీది రేటు గ్రీన్‌కార్డ్ వచ్చాక ఇవ్వాల్సిన రేటు. అది ఇవ్వకపోతే పెర్మ్ నిబంధనల కింద కార్మికశాఖ వసూలు చేసే ఏర్పాటు లేదు. ఆఫర్ లెటర్‌ను ఒప్పందంగా చూపించి రాష్ట్ర లేబర్ శాఖ దగ్గరో కోర్టులోనో అడగాలి. అందుకే ఈబీ-3లో వెళ్లేవాళ్లు సంతకం చేసిన ఆఫర్ లెటర్, గంట రేటు స్పష్టంగా రాసినది, తప్పకుండా దగ్గర పెట్టుకోవాలి.

చట్టం పెట్టిన రేట్లు

కేంద్ర కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై 24 నుంచి మారలేదు. టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో ఇదే నడుస్తోంది. జార్జియా రాష్ట్ర చట్టంలో 5.15 అని ఉన్నా ఫాస్ట్‌ఫుడ్ స్టోర్లకు కేంద్ర రేటే వర్తిస్తుంది.

మిగతా చోట్ల చాలా తేడా ఉంది. ఇల్లినాయిలో 2025 జనవరి 1 నుంచి 15 డాలర్లు, షికాగో నగరంలో 2025 జూలై 1 నుంచి 16.60. వాషింగ్టన్ రాష్ట్రంలో 2025లో 16.66, సియాటిల్ నగరంలో అదే ఏడాది 20.76. న్యూయార్క్ నగరం, లాంగ్ ఐలండ్, వెస్ట్‌చెస్టర్‌లలో 2026 జనవరి 1 నుంచి 17 డాలర్లు, ఆ రాష్ట్రంలో మిగతా చోట్ల 16. కాలిఫోర్నియా సాధారణ రేటు 2026లో 16.90. మీ స్టోర్ నగర హద్దుల లోపల ఉందా, బయట ఉందా అన్నది కచ్చితంగా చూసుకోండి. షికాగో అని చెప్పి పక్క ఊళ్లో పని ఇస్తే నగర రేటు వర్తించదు.

రేటు పెరిగే తేదీ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. చాలా రాష్ట్రాల్లో జనవరి 1, కొన్ని నగరాల్లో జూలై 1. ఫ్లోరిడాలో సెప్టెంబర్ 30. అక్కడ 2024లో 13 డాలర్లు, 2025లో 14 అయింది, 2026లో 15 అవుతుంది. ఈ తేదీ పే పీరియడ్ (ఒక చెక్కుకు లెక్కకట్టే రోజులు) మధ్యలో పడుతుంది, అక్కడే డబ్బు జారిపోతుంది. ఒక పే స్టబ్ (జీతం చీటీ) తీసుకుందాం. 2025 సెప్టెంబర్ 22 సోమవారం నుంచి అక్టోబర్ 5 ఆదివారం దాకా రెండు వారాలు, వారానికి 40 గంటలు. మొదటి వారం 13 చొప్పున 520. రెండో వారంలో సోమవారం 29న చేసిన 8 గంటలు 13 చొప్పున 104, మంగళవారం 30 నుంచి చేసిన 32 గంటలు 14 చొప్పున 448. మొత్తం 1,072 రావాలి. స్టబ్‌లో 80 గంటలకు ఒకే వరస ఉండి 1,040 అని కనిపిస్తే 32 డాలర్లు తక్కువ పడినట్టే. ఆ స్టబ్‌లో రెండు రేట్లకు రెండు వరసలు ఉండాలి.

ఇదే ఫ్లోరిడాలో 2023లో పెర్మ్ కాగితాల్లో 12.50 అని రాసి ఉన్నా సరే, మీరు 2025 అక్టోబర్‌లో చేరితే 14 ఇవ్వాల్సిందే. కాగితాల రేటు పాతబడితే చట్టం రేటు దాన్ని దాటేస్తుంది. అప్పుడు చట్టం రేటే లెక్క.

కాలిఫోర్నియా 20 డాలర్లు ఎవరికి?

కాలిఫోర్నియాలో ఏబీ 1228 అనే చట్టం ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి ఫాస్ట్‌ఫుడ్ కార్మికులకు గంటకు 20 డాలర్లు. అయితే అన్ని హోటళ్లకూ కాదు. దేశం మొత్తం మీద ఒకే బ్రాండ్ పేరుతో కనీసం 60 స్టోర్లున్న చెయిన్ అయి ఉండాలి. కస్టమర్ ముందే డబ్బు కట్టి ఆర్డర్ తీసుకునే, టేబుల్ దగ్గర సర్వ్ చేయడం దాదాపు ఉండని చోటు కావాలి. రొట్టెలు తామే కాల్చి విడిగా అమ్మే కొన్ని బేకరీ చెయిన్లకూ, కిరాణా సూపర్‌మార్కెట్ల లోపల నడిచే కౌంటర్లకూ, విమానాశ్రయాల్లాంటి కొన్ని చోట్ల ఉండే స్టోర్లకూ మినహాయింపులున్నాయి.

తరచుగా వినిపించే తప్పు మాట ఒకటుంది: "మా ఓనరుకు రెండే స్టోర్లు, అందుకే 20 వర్తించదు." లెక్కపెట్టేది ఓనరు స్టోర్లు కాదు, బ్రాండ్ స్టోర్లు. పెద్ద బర్గర్ చెయిన్ ఫ్రాంచైజీ ఒక్కటే ఉన్న చిన్న ఓనరు కూడా 20 ఇవ్వాలి. అదే, సొంత పేరుతో నాలుగు చోట్ల దోసెలు, చాట్ అమ్మే ఇండియన్ రెస్టారెంట్‌కు ఈ 20 వర్తించదు, రాష్ట్ర లేదా నగర రేటు వర్తిస్తుంది.

కాగితాల్లో రేటు ఎక్కడ చూడాలి

స్పాన్సర్ చేసే యజమాని ముందు కార్మికశాఖను ప్రివెయిలింగ్ వేజ్ అడగాలి. అంటే ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం. దానికి ఫారం ఈటీఏ-9141. ఫాస్ట్‌ఫుడ్ కుక్ పనికి వృత్తి కోడ్ 35-2011. ఈ కోడ్ మీరే చూసుకోవాలి. మామూలు రెస్టారెంట్ కుక్ కోడ్ 35-2014, కౌంటర్ పనివాళ్లది 35-3023. మీరు రోజంతా గ్రిల్, ఫ్రయ్యర్ దగ్గర నిలబడుతూ కాగితాల్లో కౌంటర్ కోడ్ ఉంటే, లేదా పూర్తిస్థాయి కిచెన్‌లో కూరలు వండుతూ ఫాస్ట్‌ఫుడ్ కోడ్ ఉంటే, రేటు తప్పుగా కట్టినట్టు.

పెర్మ్‌లో నాలుగు జీతం స్థాయిలుంటాయి. అనుభవం అక్కర్లేని ఫాస్ట్‌ఫుడ్ పనికి మొదటి స్థాయి పడుతుంది, అదే అన్నిటికన్నా తక్కువ. హెచ్-2బిలో స్థాయిలు లేవు. మామూలుగా ఆ ప్రాంతంలో ఆ వృత్తి మొత్తానికి సగటు జీతం తీసుకుంటారు. అందుకే అదే ఊళ్లో అదే పనికి హెచ్-2బి రేటు ఈబీ-3 రేటు కంటే ఎక్కువగా ఉండటం సహజం. "మా తమ్ముడికి ఎక్కువ రాశారు, నాకు తక్కువ రాశారు" అనుకునే ముందు ఇది చూడండి.

మీరే సరిచూసుకోవడానికి కార్మికశాఖ వెబ్‌సైట్ ఫ్లాగ్ డాట్ డీఓఎల్ డాట్ గవ్‌లో వేజ్ సెర్చ్ ఉంది. రాష్ట్రం, స్టోర్ ఉన్న ప్రాంతం, కోడ్ 35-2011 ఇస్తే స్థాయిలవారీగా గంట రేట్లు, సగటు కనిపిస్తాయి. సంవత్సరం దగ్గర జాగ్రత్త. ఈ రేట్లు జూలై 1 నుంచి జూన్ 30 దాకా నడుస్తాయి, క్యాలెండర్ ఏడాదిలా కాదు. హెచ్-2బి అయితే ఇంకా తేలిక: సీజనల్ జాబ్స్ డాట్ డీఓఎల్ డాట్ గవ్‌లో యజమాని జాబ్ ఆర్డర్, అంటే ఉద్యోగ షరతుల పత్రం, బహిరంగంగా ఉంటుంది. హెచ్-400తో మొదలయ్యే కేసు నంబరు గానీ కంపెనీ పేరు గానీ కొడితే గంట రేటు, వారానికి గంటలు, పని తేదీలు, జీతంలో కోతలు అన్నీ కనిపిస్తాయి. వీసాకు దరఖాస్తు చేసేలోపే ఆ జాబ్ ఆర్డర్ నకలు మీకు అర్థమయ్యే భాషలో యజమాని ఇవ్వాలి. ఇవ్వలేదంటే అడగండి. అడిగినా ఇవ్వకపోతే ఆ యజమాని దగ్గరకు వెళ్లడం గురించి మళ్లీ ఆలోచించాల్సిందే.

ఈబీ-3లో లేబర్ సర్టిఫికేషన్ ఫారం ఈటీఏ-9089. అందులో ఆఫర్ చేసిన జీతం ప్రివెయిలింగ్ వేజ్ కంటే తగ్గకూడదు. దీనితోపాటు యజమాని ఆర్థిక స్తోమత కూడా చూడాలి. పెర్మ్ వేసిన రోజు నుంచి మీకు గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఆ జీతం ఇవ్వగలిగే స్థితిలో ఉన్నట్టు ఆయన ట్యాక్స్ రిటర్నులతోనో, ఆడిట్ చేసిన లెక్కలతోనో చూపించాలి. గంటకు 15 డాలర్లంటే వారానికి 40 గంటలు, 52 వారాలకు 31,200. ఐదుగురిని స్పాన్సర్ చేస్తే 1,56,000. ఏడాదికి ముప్పై వేల లాభం చూపించే స్టోర్ ఐదుగురికి ఆఫర్ లెటర్లు ఇస్తోందంటే ఐ-140 దగ్గర ఆగిపోయే ప్రమాదం బాగా ఉంది.

గంటల లెక్క

రేటు సరిగ్గా ఉన్నా గంటలు తగ్గించి రాస్తే జీతం పోతుంది. ఫాస్ట్‌ఫుడ్‌లో జరిగే అన్యాయం ఎక్కువగా ఇక్కడే. పంచ్ అవుట్ చేయించి (పని ముగిసినట్టు టైమ్‌క్లాక్‌లో నమోదు చేయించి) ఫ్రయ్యర్ నూనె వడకట్టించడం, గ్రిల్ గీకించడం, చెత్త బయట పడేయించడం మామూలు. అదంతా పని గంటే, డబ్బు ఇవ్వాలి. శిక్షణ రోజులు, ఫుడ్ హ్యాండ్లర్ క్లాసుకు పంపిన సమయం, ఒక స్టోర్ నుంచి ఇంకో స్టోర్‌కు షిఫ్ట్ మధ్యలో పంపితే ఆ ప్రయాణ సమయం కూడా పని గంటలే. ఐదు నుంచి ఇరవై నిమిషాల విరామాన్ని కోయకూడదు. అరగంట భోజన విరామాన్ని కోయాలంటే ఆ అరగంటలో మిమ్మల్ని పూర్తిగా వదిలేయాలి. టైమ్‌క్లాక్ సాఫ్ట్‌వేర్ రోజూ దానంతటదే 30 నిమిషాలు తీసేస్తూ, మీరు మాత్రం ఒక చేత్తో తింటూ ఫ్రైస్ దించుతుంటే, ఆ 30 నిమిషాలకు జీతం రావాలి. వారానికి ఆరు రోజులు చేస్తే అది 3 గంటలు.

కేంద్ర చట్టం ప్రకారం వారంలో 40 గంటలు దాటితే ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు. కుక్‌కు ఈ హక్కు పోయే దారి దాదాపు లేదు. నెలజీతం అని పేరు పెట్టినా, కిచెన్ మేనేజర్ అని బ్యాడ్జి ఇచ్చినా పోదు. మినహాయింపు కావాలంటే వారానికి కనీసం 684 డాలర్ల స్థిర జీతంతోపాటు నిజంగా మనుషుల్ని నిర్వహించే పని ప్రధానంగా ఉండాలి. వారానికి 600 ఇచ్చి 60 గంటలు చేయించుకునే పద్ధతి మన రెస్టారెంట్లలో చాలా చూస్తాం. గంటకు 10 పడింది, 7.25 దాటింది, సరిపోయిందని ఓనరు చెబుతారు. సరిపోలేదు. ఆ 600 మొత్తం 60 గంటలకూ అనుకున్నా, 40 దాటిన 20 గంటలకు అదనంగా సగం రేటు, అంటే 5 డాలర్ల చొప్పున 100 ఇంకా రావాలి. 600 అన్నది 40 గంటలకే మాట్లాడుకున్నదైతే గంట రేటు 15 అవుతుంది, అప్పుడు ఆ 20 గంటలకు 22.50 చొప్పున 450 రావాలి. అందుకే వారం జీతం ఎన్ని గంటలకు అన్నది చేరేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.

ఒకే ఓనరుకు రెండు స్టోర్లుండి ఒకచోట 28 గంటలు, ఇంకోచోట 22 గంటలు చేయిస్తే, రెండు వేరు చెక్కులు ఇచ్చినా లెక్క 50 గంటలకే. గంటకు 14 డాలర్లయితే 40 గంటలకు 560, మిగతా 10 గంటలకు 21 చొప్పున 210, మొత్తం 770. రెండు చెక్కుల్లో 700 మాత్రమే వస్తే వారానికి 70 పోతున్నట్టు. రెండు స్టోర్లకు రెండు కంపెనీల పేర్లున్నా యజమాని, మేనేజర్, షెడ్యూల్ ఒకరి చేతిలోనే ఉంటే గంటలు కలిపే లెక్కకడతారు.

కాలిఫోర్నియాలో రోజు లెక్క కూడా ఉంది. రోజులో 8 గంటలు దాటితే ఒకటిన్నర, 12 దాటితే రెండింతలు. సోమవారం 10, మంగళ, బుధ 8 చొప్పున, గురువారం 6 గంటలు చేస్తే వారం మొత్తం 32 గంటలే. కేంద్ర లెక్కలో ఓవర్‌టైమ్ లేదు. కాలిఫోర్నియాలో సోమవారం చేసిన 2 గంటలు ఓవర్‌టైమ్. గంటకు 20 అయితే 30 గంటలకు 600, 2 గంటలకు 60, మొత్తం 660. అక్కడ ఐదో గంట ముగిసేలోపు అరగంట భోజన విరామం ఇవ్వకపోతే ఆ రోజుకు ఒక గంట జీతం అదనంగా ఇవ్వాలి. పది నిమిషాల విరామాలు ఎగ్గొట్టినా అంతే.

న్యూయార్క్‌లో ఇంకో నియమం. రోజులో మొదటి పంచ్ నుంచి చివరి పంచ్ దాకా 10 గంటలు దాటితే, మధ్యలో ఖాళీ ఉన్నా, కనీస వేతనం రేటులో ఒక గంట అదనం. నగరంలోని ఫాస్ట్‌ఫుడ్ చెయిన్లలో షెడ్యూల్ 14 రోజుల ముందు ఇవ్వాలి. రాత్రి స్టోర్ మూసి 11 గంటలు గడవకముందే పొద్దున్నే తెరవడానికి రమ్మంటే, మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, దానికి 100 డాలర్లు అదనంగా ఇవ్వాలి.

హెచ్-2బిలో గంటల హామీ విడిగా ఉంది. పని వారానికి కనీసం 35 గంటలది కావాలి. ప్రతి 12 వారాల్లో చెప్పిన గంటల్లో మూడొంతులు, అంటే నాలుగింట మూడు వంతులు, పని ఇవ్వాలి. పని మొత్తం 120 రోజుల లోపైతే ప్రతి 6 వారాలకు. 35 గంటల చొప్పున 12 వారాలకు 420, అందులో నాలుగింట మూడు వంతులు 315. మీకు 270 గంటలే పని ఇచ్చారనుకోండి, మిగతా 45 గంటలకు పని చేయకపోయినా జీతం ఇవ్వాలి. గంటకు 15 అయితే 675 డాలర్లు. మీరే డుమ్మా కొట్టిన గంటలు యజమాని ఖాతాలో ఇచ్చినట్టే లెక్కవుతాయి, కాబట్టి రానివ్వకుండా ఇంటికి పంపిన రోజుల్ని మేనేజర్ మెసేజ్‌తో సహా రాసి పెట్టుకోండి.

జీతంలో ఏం కోయవచ్చు, ఏం కోయకూడదు

న్యాయమైన కోతలు ముందు చూద్దాం. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, ఫెడరల్ ఆదాయపన్ను, రాష్ట్రాన్ని బట్టి రాష్ట్ర పన్ను. పైన చెప్పిన 1,072 మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి సుమారు 82 డాలర్లు. ఈ రెండూ స్టబ్‌లో లేకుండా చేతికి పూర్తి డబ్బు వస్తుంటే సంతోషపడకండి. మిమ్మల్ని ఉద్యోగిగా కాక కాంట్రాక్టర్‌గా చూపిస్తున్నారేమో చూడండి. ఏడాది చివర ఉద్యోగులకిచ్చే ఫారం డబ్ల్యూ-2 రావాలి, కాంట్రాక్టర్లకిచ్చే ఫారం 1099 వస్తే తప్పు జరిగినట్టే. కుక్ స్వతంత్ర కాంట్రాక్టర్ కాడు.

యూనిఫాం, క్యాష్ తక్కువ పడటం, పగిలిన సామాను, వీటి పేరుతో కోస్తే ఆ వారం జీతం కనీస వేతనం కిందికి దిగకూడదు. టెక్సస్‌లో గంటకు 8 చొప్పున 40 గంటలకు 320 వస్తుందనుకుందాం. 7.25 లెక్కన 290 మిగలాలి. అంటే యూనిఫాంకు ఆ వారం 30కి మించి తీయకూడదు. ఓవర్‌టైమ్ చేసిన వారంలో ఆ ఓవర్‌టైమ్ డబ్బును ఇలాంటి కోతలు ముట్టుకోకూడదు. హెచ్-2బిలో ఇంకా గట్టి నియమం: యజమాని లాభం కోసం పెట్టే కోతలు జాబ్ ఆర్డర్ రేటు కిందికి దింపకూడదు, జాబ్ ఆర్డర్‌లో రాయని కోత అసలు కూడదు. కాలిఫోర్నియాలో యూనిఫాం ఖర్చు మొత్తం యజమానిదే.

చెక్కు పూర్తిగా ఇచ్చి, బ్యాంకులో వేసుకున్నాక కొంత క్యాష్ వెనక్కి ఇమ్మనడం కూడా కోతే. దాన్ని కిక్‌బ్యాక్ అంటారు. జీతం చేతికి వచ్చాక ఎవరికీ తిరిగి ఇవ్వనక్కర్లేకుండా ఉంటేనే చట్టం దాన్ని జీతంగా లెక్కపెడుతుంది.

వీసా ఖర్చులు ఎవరివి

పెర్మ్ ఖర్చులు, అందులో లాయరు ఫీజు, ప్రకటనల ఖర్చు, మొత్తం యజమానివే. 2007 జూలై 16 నుంచి ఇది నియమం. వాటిని ముందు తీసుకోవడం, తర్వాత జీతంలో కోసుకోవడం రెండూ నిషిద్ధమే. ఐ-140, ఆ తర్వాతి దశల ఖర్చుల్లో మీ వాటా ఉండవచ్చు. కాబట్టి ఏజెంటు లక్షల్లో అడిగినప్పుడు ఏ దశకు ఎంత అని విడివిడిగా రశీదు అడగండి. పెర్మ్ దశకు మీ దగ్గర ఒక్క డాలరు తీసుకున్నా అది తప్పు.

హెచ్-2బిలో రిక్రూట్‌మెంట్ ఫీజు ఏ పేరుతోనూ తీసుకోకూడదు, యజమాని గానీ, ఆయన ఏజెంటు గానీ, ఊళ్లో సబ్ ఏజెంటు గానీ. వీసా ఫీజు మీరు కట్టి ఉంటే మొదటి వారం జీతంతోపాటు తిరిగి ఇవ్వాలి. రానుపోను ఖర్చులో వచ్చే దారి ఖర్చు, ముందే ఇవ్వకపోతే, సగం కాలం పూర్తిచేసినప్పుడు ఇవ్వాలి. పూర్తి కాలం పనిచేసినా, యజమానే మధ్యలో తీసేసినా తిరుగు ప్రయాణం ఆయనదే. మీరే వదిలేసి వెళ్తే ఆ హక్కు పోతుంది.

పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టమంటే ఇవ్వకండి. మిమ్మల్ని బలవంతంగా పనిలో ఉంచడానికి పాస్‌పోర్టు దాచడం కేంద్ర క్రిమినల్ చట్టం కింద నేరం.

తక్కువ పడిందని తేలితే

ముందు సొంత రికార్డు. ఫోన్‌లో ప్రతిరోజూ వచ్చిన సమయం, వెళ్లిన సమయం, విరామాలు రాసుకోండి. షెడ్యూల్ అతికించిన బోర్డు ఫొటో వారానికోసారి తీయండి. పే స్టబ్‌లు, మేనేజర్ వాట్సాప్ మెసేజ్‌లు మీ సొంత ఈమెయిల్‌కు పంపుకోండి, ఎందుకంటే ఉద్యోగం పోయిన రోజునే స్టోర్ యాప్ లాగిన్ పోతుంది. యజమాని సరైన రికార్డు ఉంచకపోతే మీ రాతలే సాక్ష్యమవుతాయి.

తర్వాత వారాలవారీగా లెక్క వేసి, ఎంత రావాలి, ఎంత వచ్చిందో రాసి యజమానికి మెసేజ్ గానీ ఈమెయిల్ గానీ పంపండి. పేరోల్‌లో పొరపాటైతే ఇక్కడే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే కేంద్ర కార్మికశాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు 1-866-487-9243 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు తీసుకోరు, వివరాలు గోప్యంగా ఉంచుతారు, ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు. రాష్ట్ర రేటు, రోజువారీ ఓవర్‌టైమ్, విరామాల డబ్బు కోసమైతే రాష్ట్ర లేబర్ శాఖకే వెళ్లాలి, కేంద్రం ఆ లెక్క చూడదు.

గడువు మర్చిపోకండి. కేంద్ర చట్టం కింద రెండేళ్లు, కావాలని ఎగ్గొట్టినట్టు తేలితే మూడేళ్లు. కాలిఫోర్నియాలో కనీస వేతనం, ఓవర్‌టైమ్‌లకు మూడేళ్లు, న్యూయార్క్‌లో ఆరేళ్లు. గడువు వారం వారం కదులుతుంది: మీరు ఆలస్యం చేసిన ప్రతి వారానికీ వెనక ఒక వారం డబ్బు రాలిపోతుంది. గెలిస్తే కేంద్ర చట్టం కింద బాకీకి సమానంగా ఇంకో అంత కలిపి ఇప్పించే వీలుంది.

భయం వల్ల ఆగిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే ఇది కచ్చితంగా తెలియాలి. కనీస వేతన చట్టం ఇమిగ్రేషన్ స్టేటస్ చూడదు. విజిటర్ వీసా మీద వచ్చి అలబామాలో మోటెల్‌లో పనిచేసిన ఒక భారతీయుడి కేసులో, పటేల్ వర్సెస్ క్వాలిటీ ఇన్ సౌత్, 1988లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఈ మాటే తేల్చింది: పని చేశాడు కాబట్టి జీతం చట్ట ప్రకారం రావాలి. ఫిర్యాదు చేశావని తీసేయడం, బెదిరించడం కూడా చట్టవిరుద్ధమే. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాక "క్యాన్సిల్ చేయిస్తా" అనే యజమానికి ఆ అధికారం లేదు. హెచ్-2బి వాళ్లకు 2025 జనవరి 17 నుంచి ఉద్యోగం పోయినా గరిష్ఠంగా 60 రోజులు, లేదా అనుమతి గడువు ముగిసేదాకా, ఏది ముందైతే అంతవరకు వేరే స్పాన్సర్‌ను వెతుక్కునే సమయం ఉంది.

కేసు తేలేసరికి మీరు ఇండియాకు తిరిగి వచ్చేసి ఉండవచ్చు. వేజ్ అండ్ అవర్ డివిజన్ వసూలు చేసిన బాకీ జీతాన్ని మూడేళ్లు తన దగ్గర ఉంచుతుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో పాత యజమాని పేరు కొట్టి వెతికితే మీ పేరు మీద డబ్బు ఉందో లేదో తెలుస్తుంది. ఫిర్యాదు చేసేటప్పుడే ఇండియా చిరునామా, మారని ఈమెయిల్ ఇచ్చి ఉంచండి.